దత్తపుత్రాత్మ – ఒక మాట వెనుకనున్న చరిత్ర



నా చిన్నతనమున మా సంఘములో బిడ్డలు లేని దంపతులు ఒక పసివానిని తెచ్చి పెంచుకొనిరి. వాని బాప్తిస్మమునాడు సంఘమంతయు సంతోషించినది. అయితే కోర్టువారు ఇచ్చిన కాగితములో ఆ తండ్రి ‘సంరక్షకుడు’ మాత్రమే. వానిని బడిలో చేర్చునప్పుడు ఆయన ఆ మాట చూపించి కన్నీరు పెట్టుకొనెను. తరువాత వేదాంత కళాశాలలో రోమా పత్రిక చదువునప్పుడు ఆ కాగితము నాకు జ్ఞాపకము వచ్చెను. సంరక్షకునికిని తండ్రికిని గల భేదము తెలిసిననే గాని ‘దత్తపుత్రాత్మ’ అను మాట మనకు బోధపడదు.

దీనికి మూలమైన గ్రీకు పదమునకు కుమారుని స్థానమున నిలుపుట అని అర్థము. క్రొత్త నిబంధనలో ఇది 5 మారులు కనబడును, అన్నియు పౌలు పేరిట ఉన్న పత్రికలలోనే (రోమా 8:15, 8:23, 9:4, గలతీ 4:5, ఎఫెసీ 1:5). ఇశ్రాయేలును దేవుడు తన కుమారుడని పిలిచిన సంగతి పౌలు ఎరుగును. అయితే మోషే ధర్మశాస్త్రములో దత్తతను గూర్చిన విధి లేదు. ఆ విధి పౌలు చుట్టునున్న రోమా లోకములో అందరికిని తెలిసినదే.

రోమా చట్టము ప్రకారము దత్తతకు వచ్చినవాడు పాత తండ్రి అధికారమునుండి బయటపడి, క్రొత్త తండ్రి పేరును, వారసత్వమును పొందును. క్రీ.పూ. 44లో బయటపడిన జూలియస్ కైసరు వీలునామాలో అతని మేనకోడలి కుమారుడు దత్తపుత్రుడుగా పేర్కొనబడెను. లూకా సువార్తలోని కైసరు ఔగుస్తు అతడే. క్రీ.శ. 50లో క్లౌదియ కైసరు, సొంత కుమారుడైన బ్రిటానికస్ ఉండగానే, నీరోను దత్తత తీసికొనెను. దానితో క్లౌదియ కుమార్తె ఒక్టావియా చట్టరీత్యా నీరోకు చెల్లెలాయెను. 53లో వారిద్దరికి వివాహము చేయుటకు ఆమెను ముందుగా వేరొక కుటుంబమునకు దత్తత ఇయ్యవలసి వచ్చెను. దత్తత బంధమును ఆ చట్టము అంత గట్టిగా ఎంచినది! 54లో నీరో చక్రవర్తి ఆయెను.

సుమారు 57లో పౌలు రోమా సంఘమునకు పత్రిక వ్రాయునాటికి సింహాసనముమీద ఉన్నవాడు దత్తపుత్రుడే. మరి ఆ పత్రికను విన్నవారెవరు? 16వ అధ్యాయములోని అంప్లీయతు, ఊర్బాను వంటి పేర్లు ఆనాడు బానిసలలో వాడుకగా ఉండినవి. గొప్ప కుటుంబములలో పేరు నిలుపుటకు జరుగు దత్తతను, దేవుడు అట్టివారికి జరిగించెనని పౌలు చెప్పుచున్నాడు. నీరో వచ్చినందున బ్రిటానికస్ త్రోసివేయబడెను. ఇక్కడనైతే ప్రియకుమారుడే తన స్వాస్థ్యమును మనతో పంచుకొనుచున్నాడు.

ఇక మన దేశములో ఆ తండ్రి కన్నీటికి కారణమేమి? 1956 నాటి హిందూ దత్తత, మనోవర్తి చట్టము క్రైస్తవులకు వర్తించదు. అందుచేత మనవారు 1890 నాటి చట్టము క్రింద సంరక్షకులుగానే ఉండవలసి వచ్చెను. బిడ్డ మేజరు కాగానే ఆ సంరక్షణ ముగియును. వారసత్వము దానంతట రాదు. 2000లో వచ్చిన బాలల న్యాయ చట్టము, దానికి 2006లో జరిగిన సవరణ ఏ మతస్థులైనను దత్తత తీసికొనుటకు దారి తెరచినవి. 2014లో సుప్రీం కోర్టు ఆ హక్కును స్పష్టపరచినది. 2015 నాటి క్రొత్త చట్టము ప్రకారము దత్తత బిడ్డ అన్ని విధముల ఆ తల్లిదండ్రుల బిడ్డయే.

దేశపు చట్టమునకు ఇంతకాలము పట్టినది. మరి మన సంఘముల మాట ఏమి? మూడు తరముల క్రైస్తవులమని కొందరు ముందు వరుసలో కూర్చుండగా, నిన్న బాప్తిస్మము పొందిన కుటుంబము గుమ్మమునొద్ద నిలిచియుండుట మనము చూచుట లేదా? పిల్లల పెండ్లి మాటలు వచ్చినప్పుడు పాత ఇంటి పేరు, పాత కులము అడుగుట లేదా? దేవుడు వారిని కుమారులుగా, కుమార్తెలుగా చేసికొనగా, మనము వారిని ఆయన సంరక్షణలో ఉన్న అనాథలవలె చూచుచున్నాము. మనము కూడ దత్తతకు వచ్చినవారమే అని మరచితిమి.

నేను చెప్పిన ఆ పిల్లవాడు కాగితము చదువ నేర్వకమునుపే ఆయనను ‘నాన్నా’ అని పిలిచెను. ‘అబ్బా’ అను అరామిక్ మాట అట్టి పిలుపే. ఆ పిలుపు మన నోట ఉంచిన ఆత్మయే మన ప్రక్కవాని నోటను ఉంచెను. ఒకే తండ్రిని పిలుచువారు ఒకరికొకరు పరాయివారు కాగలరా?