ఖర్చు లేని శక్తి, కనబడని బాకీ: ఆసిమోవ్ ‘ది గాడ్స్ దెమ్‌సెల్వ్స్’

చరిత్రకు ఆధారాలంటే శాసనాలు, నాణేలు, ప్రభుత్వ పత్రాలు అని మీరు ఇంతకుముందు పాఠాల్లో చదివారు. భవిష్యత్తులో జరిగినట్లు రాసిన ఒక కల్పిత నవల ఆధారం ఎలా అవుతుందని మీకు సందేహం రావచ్చు. నవల ఊహించిన భవిష్యత్తు నిజమైందా లేదా అన్న ప్రశ్నను పక్కన పెట్టండి. దాన్ని రాసిన నాటి మనుషులు దేనికి భయపడ్డారు, దేన్ని వదులుకోలేకపోయారు అని అడగండి. ఐజాక్ ఆసిమోవ్ 1972లో ప్రచురించిన ‘ది గాడ్స్ దెమ్‌సెల్వ్స్’ ఈ రెండో ప్రశ్నకు చాలా స్పష్టంగా జవాబిస్తుంది.

ఆసిమోవ్ 1920లో రష్యాలో పుట్టి, పసితనంలోనే అమెరికా చేరారు. ‘ఫౌండేషన్’ కథలతో, రోబో కథలతో 1940లలోనే పేరు తెచ్చుకున్నారు. 1957లో ‘ది నేకెడ్ సన్’ వెలువడ్డాక సుమారు పదిహేనేళ్లు ఎక్కువగా సామాన్య పాఠకులకు విజ్ఞానశాస్త్రం వివరించే పుస్తకాలే రాశారు. (1966 నాటి ‘ఫెంటాస్టిక్ వాయేజ్’ సినిమా స్క్రీన్‌ప్లేను నవలగా మార్చినది కనుక దాన్ని ఇక్కడ లెక్కించనక్కర్లేదు.) ఈలోగా సైన్స్ ఫిక్షన్ రూపురేఖలు మారాయి. 1964లో మైకేల్ మూర్‌కాక్ ఇంగ్లండ్‌లో ‘న్యూ వరల్డ్స్’ పత్రిక సంపాదకుడయ్యాక, శైలిలోనూ నిర్మాణంలోనూ ప్రయోగాలు చేసే ‘న్యూ వేవ్’ ధోరణి బలపడింది. ఆసిమోవ్ కథల్లో గ్రహాంతర జీవులూ ఉండరు, లైంగిక సంబంధాలూ ఉండవన్న విమర్శ అప్పటికే ఉంది. ఈ నవల మధ్యభాగంలో ఆయన ఆ రెండింటికీ కలిపి సమాధానం చెప్పారు.

కథకు ఇరుసు ఒక సీసా. 2070 ప్రాంతంలో ఫ్రెడరిక్ హాలమ్ అనే సాధారణ శాస్త్రజ్ఞుడి బల్లమీద ఉన్న టంగ్‌స్టన్ సీసాలో మరో పదార్థం కనిపిస్తుంది. పరీక్షిస్తే అది ప్లుటోనియం-186. ప్లుటోనియం కేంద్రకంలో 94 ప్రోటాన్లు ఉంటాయి. 186లో అవి పోగా న్యూట్రాన్లకు మిగిలేది 92. ఇంత తక్కువ న్యూట్రాన్లతో ఆ కేంద్రకం మన విశ్వంలో నిలవదు. కేంద్రక కణాలను పట్టి ఉంచే బలం మరింత ఎక్కువగా ఉన్న ఇంకో విశ్వంలో అయితే నిలుస్తుంది. అక్కడివారే దాన్ని పంపి, బదులుగా మన టంగ్‌స్టన్‌ను తీసుకున్నారు. ఈ మార్పిడిలో రెండువైపులా శక్తి పుడుతుంది. దీనికి ఎలక్ట్రాన్ పంప్ అని పేరు పెట్టారు. పొగ లేదు, బొగ్గు లేదు, ఖర్చు లేదు. హాలమ్ లోకానికి దేవుడైపోయాడు. సహోద్యోగి వెటకారంగా అన్న మాటకు పౌరుషం వచ్చి అతడు ఆ సీసాను పరీక్షకు పెట్టాడన్న సంగతి అందరూ మరిచిపోయారు.

పీటర్ లామాంట్ అనే యువ శాస్త్రజ్ఞుడు అసలు లెక్క వేస్తాడు. పదార్థంతోపాటు ఆ విశ్వపు నియమాలు కూడా కొద్దికొద్దిగా ఇటు జారుతున్నాయి. దానివల్ల సూర్యుడిలో కేంద్రక సంలీనం వేగం పుంజుకుంటుంది. చివరికి సూర్యుడు పేలిపోవచ్చు. అతడు హాలమ్‌కు చెబుతాడు, సెనేటర్‌కు చెబుతాడు, పర్యావరణం కోసం పోరాడే నాయకుడికీ చెబుతాడు. ఎవరూ కదలరు. నా దృష్టిలో నవలలో అత్యంత విలువైన పుటలు ఇవే. వీరిలో ఎవరూ మూర్ఖులు కారు. చేతికందిన సుఖాన్ని ప్రజలు వదలరని రాజకీయ నాయకుడికి తెలుసు. పేరు పోతుందని శాస్త్రజ్ఞుడికి తెలుసు. లామాంట్ ఉద్దేశాలు కూడా పూర్తిగా నిర్మలమైనవి కావు. హాలమ్ మీద కసి కూడా అతణ్ణి నడిపిస్తుంది.

ఇక నిర్మాణం. పుస్తకం తెరవగానే మీకు 6వ అధ్యాయం కనిపిస్తుంది. అచ్చుతప్పు అనుకోకండి. పోరాటం ముదిరిన చోట కథను ఎత్తుకుని, మధ్యమధ్య 1, 2, 3 అంటూ వెనక్కి వెళతారు రచయిత. రెండో భాగంలో ఒక్కసారిగా ఆ రెండో విశ్వంలో ఉంటాం. అక్కడ మూడు లింగాలు. ఆలోచించే ఓడీన్, అనుభూతి చెందే డ్యూవా, సంతానాన్ని సాకే ట్రిట్ కలిసి ఒక కుటుంబం. వెలుగే వారి ఆహారం. వారి సూర్యుడు చల్లారిపోతున్నాడు కనుక పంప్ వారికి విలాసం కాదు, బతుకుతెరువు. మన సూర్యుడు పేలిపోతే వారికి మరింత లాభం కూడా. ఇది తప్పని గ్రహించి ఇటువైపు హెచ్చరిక పంపేది డ్యూవా ఒక్కతే. మొదటి భాగంలో లామాంట్‌కు అందిన తప్పుల తడక సందేశం ఎవరిదో మనకు అప్పుడు తెలుస్తుంది. కథనాన్ని విరిచి రాయడంలోని ప్రయోజనం ఇదే. శక్తి పొందేవారి కథ ఒక భాగంలో, దాని మూల్యం తెలిసినవారి కథ మరో భాగంలో ఉంటాయి. రెంటినీ కలిపి చూడగలిగేది పాఠకుడే.

కాలాన్ని గమనించండి. ‘ది లిమిట్స్ టు గ్రోత్’ నివేదిక, స్టాక్‌హోమ్‌లో ఐక్యరాజ్యసమితి పర్యావరణ సదస్సు రెండూ 1972లోనే జరిగాయి. 1973 అక్టోబరులో అరబ్ దేశాల చమురు నిషేధం వచ్చింది. పీపా సుమారు 3 డాలర్లున్న చమురు ధర కొద్ది నెలల్లో దాదాపు 12 డాలర్లకు చేరింది. అంటే ఈ నవల చవక ఇంధనపు ఆఖరి రోజుల్లో రాసింది. రచయిత జోస్యం చెప్పారని పొగడనక్కర్లేదు. పంప్‌ను ఆపడం ఎంత అసాధ్యమో ఆ సమాజం అప్పటికే తనలో తాను ఒప్పుకుందని చెబితే చాలు.

నవలకు హ్యూగో, నెబ్యులా బహుమతులు రెండూ వచ్చాయి. ఆసిమోవ్ కూడా తన నవలల్లో దీన్నే ఎక్కువగా ఇష్టపడ్డారు. అయినా చంద్రుడిమీద జరిగే మూడో భాగం మెతకగా ఉంటుందని నా అభిప్రాయం. అక్కడ ఒకప్పటి ఆ వెటకారపు సహోద్యోగి డెనిసన్, సెలీన్ అనే చంద్రవాసి మరో విశ్వం నుంచి శక్తి తోడి, మొదటి పంప్ చేసే హానిని సరిచేసే మార్గం కనుక్కుంటారు. పంప్ ఆగదు. ఎవరూ దేన్నీ వదులుకోరు. 1972 నాటి మనసును ఎక్కడ చూడాలని మీరు అడిగితే, ఈ తేలికైన పరిష్కారం దగ్గరే చూడమంటాను. ప్రాణం పణంగా పెట్టి హెచ్చరించిన డ్యూవా పేరు మాత్రం ఇటువైపు ఎవరికీ తెలియదు. ఆ సందేశానికి జవాబు కూడా వెళ్లదు.