కండెన్సరు నుంచి కంప్యూటరు దాకా: ఇంజను మిస్సింగు కథ

ప్రత్యేక సంచికకు చరిత్ర వ్యాసం ఒకటి రాయమని మన సంఘం కార్యదర్శి గారు అడిగారు. రాజుల చరిత్ర రాసేంత చదువు నాకు లేదు. నా సర్వీసులో ఎక్కువ భాగం కాకినాడలో ఒక ప్రభుత్వ కార్యాలయంలో వాహనాల సీటు చూసిన గుమాస్తాను. లాగ్ బుక్కులు, పెట్రోలు లెక్కలు, రిపేరు బిల్లులు, ఇవే నేను చదివిన గ్రంథాలు. అందుచేత ఇంజను ‘మిస్సింగ్’ అనే జబ్బు గురించి, దాన్ని కనిపెట్టే విద్య కాలంతోపాటు ఎలా మారిందనే దాని గురించి నాకు తెలిసినంత రాస్తాను. ఈ రోజుల్లో మనలో చాలామంది ఇళ్లలో కారు ఉంది గనుక కొంత పనికివస్తుందని ఆశ.

పెట్రోలు ఇంజనులో గాలీ పెట్రోలూ కలిసిన మిశ్రమాన్ని పిస్టన్ నొక్కుతుంది. సరిగ్గా ఆ సమయానికి స్పార్క్ ప్లగ్గు నిప్పురవ్వ వేసి దాన్ని మండిస్తుంది. నాలుగు సిలిండర్ల బండిలో సాధారణంగా ఇది 1-3-4-2 వరసలో జరుగుతుంది. వాటిలో ఒకటి మండకపోతే బండి కుదుపుతుంది, ఎత్తు ఎక్కదు, పెట్రోలు ఎక్కువ తాగుతుంది. నలుగురు మోసే పల్లకిలో ఒక బోయీ భుజం తప్పించినట్టన్నమాట. కారణాలు ముఖ్యంగా మూడు: నిప్పు అందకపోవడం, పెట్రోలు సరిగా అందకపోవడం, సిలిండరులో ఒత్తిడి నిలవకపోవడం.

నిప్పు సంగతే ముందు చూద్దాం. 1902లో జర్మనీలో బాష్ సంస్థ ఇంజనీరు గాట్లోబ్ హొనోల్డ్ హై వోల్టేజి మాగ్నెటోను, దానికి తగిన స్పార్క్ ప్లగ్గును తయారుచేశాడు. 1910 ప్రాంతంలో అమెరికాలో చార్లెస్ కెట్టరింగ్ బ్యాటరీ, కాయిల్, కాంటాక్ట్ పాయింట్లతో నడిచే పద్ధతిని కాడిలాక్ కార్లకు తెచ్చాడు. మన అంబాసిడర్లు, ఆఫీసు పెట్రోలు జీపులు దశాబ్దాలపాటు ఆ పద్ధతిలోనే నడిచాయి. డిస్ట్రిబ్యూటరు మూత తీస్తే పాయింట్లు కంటికి కనిపించేవి. వాటి దగ్గర బొటనవేలంత కండెన్సరు ఉండేది. అది పాడైతే పాయింట్లు మాడిపోయి, నిప్పురవ్వ నీరసించి, బండి మిస్ కొట్టేది.

1979లో మా జీపు రంపచోడవరం క్యాంపు నుంచి వస్తూ దారిలో మొరాయించింది. డ్రైవరు గారు ఇంజను ఆన్‌లో ఉంచి, ఒక్కో ప్లగ్గు వైరు తీసి చూశారట. వైరు తీసినప్పుడు ఇంజను చప్పుడు మారితే ఆ సిలిండరు పనిచేస్తున్నట్టు. మారకపోతే జబ్బు అక్కడే. కానీ ఆ రోజు చప్పుడు ఒక చోట నిలవలేదు. అన్ని సిలిండర్లూ వంతులవారీగా మిస్ అవుతున్నాయి. అంటే లోపం ప్లగ్గులో కాదు, నాలుగింటికీ ఉమ్మడిగా ఉన్నచోట అన్నమాట. మూత తీసి చూస్తే పాయింట్లు నల్లబడి ఉన్నాయి. షెడ్డులో కండెన్సరు, పాయింట్లు మార్పించి, 14 రూపాయల బిల్లు నాకు ఇచ్చారు.

నేను ముందస్తు ఎస్టిమేటు లేదని, పాత సామాను స్టోరుకు జమ కాలేదని అభ్యంతరం రాశాను. బిల్లు పాసు కాలేదు. ఆ డబ్బు ఆయన చేతినుంచే పోయింది. ఆయన కోపపడలేదు. ‘‘అడగడం తప్పు కాదు బాబూ. బండి చూసి అడగండి’’ అన్నారు. నేను మాత్రం బండి దగ్గరకు వెళ్లలేదు. కాగితమే చూశాను.

తరువాత కాలం మారింది. 1983 డిసెంబరులో మారుతి 800 వచ్చింది. 2000 ప్రాంతంలో కాలుష్య నిబంధనలు బిగిసేసరికి కొత్త కార్లలో కార్బురేటరు పోయి, కంప్యూటరు ఆజ్ఞతో పెట్రోలు చిమ్మే ఇంజెక్షన్ వచ్చింది. డిస్ట్రిబ్యూటరూ పోయింది. చాలా కార్లలో ఒక్కో ప్లగ్గు మీద ఒక్కో కాయిల్ కూర్చుంది. అమెరికాలో 1996 నుంచి కొత్త కార్లన్నిటికీ ఓబీడీ-2 అనే స్వయంపరీక్షా పద్ధతి తప్పనిసరి అయింది. మన దేశంలో భారత్ స్టేజ్-4 కార్లకు 2010 ఏప్రిల్ నుంచి ఓబీడీ-1, 2013 ఏప్రిల్ నుంచి ఓబీడీ-2 వచ్చాయి. స్కానరు తగిలిస్తే కంప్యూటరు జబ్బు నంబరు చెబుతుంది. పి0301 అంటే మొదటి సిలిండరు మిస్ అవుతున్నట్టు, పి0302 అంటే రెండోది. పి0300 అయితే ఏదో ఒకటని కాదు, అక్కడా ఇక్కడా మిస్ అవుతున్నట్టు.

ఆ రకంగా డ్రైవరు చెవిలో ఉన్న విద్య స్కానరు పెట్టెలోకి వెళ్లింది. అయితే నంబరు చెప్పేది ఏ సిలిండరు అనేదే. ఎందుకు అనేది మనిషే పరీక్షించి తేల్చాలి.

పోయిన ఏడాది ఈ సంగతి నాకు స్వయంగా అనుభవమైంది. మా 2014 కారు కుదపడం మొదలుపెట్టింది, ఇంజను దీపం ఆరుతూ వెలుగుతూ ఉంది. అలా మిణుకుమంటే బండి నడపకూడదు. మండని పెట్రోలు పొగగొట్టంలోని కెటలిటిక్ కన్వర్టరును పాడుచేస్తుంది. కంపెనీ సర్వీసు సెంటరుకు లాగించుకుని వెళ్లాం. నాలుగు కాయిల్స్, నాలుగు ప్లగ్గులు, నాలుగు ఇంజెక్టర్లు, కన్వర్టరు కలిపి 58,400 రూపాయల ఎస్టిమేటు ఇచ్చారు. నా పెన్షనులో అది చిన్న మొత్తం కాదు. మా అబ్బాయి ‘‘కట్టేద్దాం నాన్నా, వాళ్లకంటే మనకు ఎక్కువ తెలుసా’’ అన్నాడు.

నేను ఈసారి బండి దగ్గరకు వెళ్లి అడిగాను. ‘‘ఏ నంబరు వచ్చింది బాబూ?’’ ‘‘పి0303 సార్.’’ ‘‘మూడో సిలిండరు ఒక్కటే కదా. మరి అన్నీ నాలుగేసి ఎందుకు?’’ ‘‘ఒకేసారి మార్చేస్తే బాగుంటుంది సార్.’’ మూడో కాయిల్ తీసి రెండో దానిలో, రెండోది మూడో దానిలో పెట్టి చూడమన్నాను. అలా చేసే పద్ధతి లేదన్నారు. పరీక్ష ఫీజు కట్టి, నంబరు కాగితం మీద రాయించుకుని, బండిని తెలిసిన షెడ్డుకు చేర్చాను. అక్కడి కుర్రవాడు పది నిమిషాల్లో కాయిల్స్ తారుమారు చేశాడు. జబ్బు కాయిల్ వెంటే వెళ్లింది. స్కానరు ఈసారి పి0302 అంది. ఒక కాయిల్, ఎలాగూ కాలం తీరిన నాలుగు ప్లగ్గులు, కూలి కలిపి 4,650 రూపాయలు.

సర్వీసు సెంటరువారు దొంగలని నేను అనను. జబ్బు కాయిల్ వెంట వెళ్లకుండా మూడోదానిలోనే ఉండి ఉంటే ప్లగ్గు, ఇంజెక్టరు చూడాలి, కంప్రెషన్ కొలవాలి. ఒత్తిడి నిజంగా పోయి ఉంటే పెద్ద ఖర్చు తప్పేది కాదు. పరీక్ష ముందు, సామాను తరువాత అన్నదే నా మాట.

ఈ గొడవ నా ఒక్కడిదీ కాదు. విడిభాగాలు, పరీక్షా పరికరాలు బయటి మెకానిక్కులకు అందనివ్వడం లేదన్న ఫిర్యాదు మీద కాంపిటీషన్ కమిషన్ 2014 ఆగస్టు 25న 14 కార్ల కంపెనీలకు సుమారు 2,544 కోట్ల రూపాయల జరిమానా వేసింది. తరువాత అప్పీళ్లు నడిచాయి. 2022 డిసెంబరులో కేంద్ర ప్రభుత్వం ‘రైట్ టు రిపేర్’ పోర్టల్ ప్రారంభించింది. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం 2020 జూలై నుంచి అమలులో ఉంది.

అడగందే అమ్మయినా పెట్టదు. ఏ నంబరు వచ్చింది, ఏ పరీక్ష చేశారు, మార్చే ప్రతి వస్తువూ ఎందుకు అని అడగండి. ఎస్టిమేటు రాతపూర్వకంగా తీసుకోండి. వారంటీ మిగిలి ఉంటే ముందు ఆ కాగితం చూసుకోండి. పాత సామాను వెనక్కి అడగండి.

ఇవన్నీ ఆ డ్రైవరు గారిని నేను 1979లో అడిగినవే. మూత తీసి, మాడిన పాయింట్లు చూసి అడిగి ఉంటే అభ్యంతరం రాసేవాణ్ని కాదు. ఆయన కాలం చేసి చాలా ఏళ్లయింది. ఆ 14 రూపాయలు నేను ఇప్పటికీ ఆయనకు బాకీ.