పూర్వాపరక్రమము - అర్థనిర్ణయము

పదములకు అర్థ మున్నట్లే వాని వరుసకును అర్థ మున్నదా యను ప్రశ్న మన దేశమున మిక్కిలి పాతది. జైమిని మీమాంసాసూత్రముల తృతీయాధ్యాయమున శ్రుతి, లింగము, వాక్యము, ప్రకరణము, స్థానము, సమాఖ్య అని ఆఱు ప్రమాణములు చెప్పబడినవి. ఏది దేనికి అంగమో తేల్చుట వీని పని. ఐదవదగు స్థానమునకే క్రమమని నామాంతరము. ఒకచోట మూడు కర్మములును, వేఱొకచోట మూడు మంత్రములును వరుసగా పఠింపబడి, అన్య మగు ఆధార మేదియు లేనిచో, మొదటిదానికి మొదటిది, రెండవదానికి రెండవది చెందునని గ్రహింపవలెను. అయితే ఈ యాఱును సమబలములు కావు. విరోధము కలిగినపుడు ముందుదానికంటె వెనుకటిది దుర్బలము. క్రమము ప్రమాణమే గాని నాలుగింటికి లోబడిన ప్రమాణము. దానికంటె దుర్బలమైనది సమాఖ్య, అనగా పేరు, ఒక్కటియే.

మన సాహిత్యచరిత్ర రచనలో ఈ బలాబలములను పాటింపకుండుటచే కొన్ని నిర్ణయములు ఆధారమునకు మించి స్థిరపడినవని నా యభిప్రాయము. దానిని నిరూపించుటకు ముందు, క్రమము ఎంత చేయగలదో, ఎచ్చట ఆగవలెనో తెలిపెడు రెండు అన్యదేశీయ వృత్తాంతములను స్మరింతును.

మొదటిది చలనచిత్రమునకు సంబంధించినది. రష్యా దేశీయుడు లెవ్ కులెషోవ్ 1920 ప్రాంతమున మొజూఖిన్ అను ప్రసిద్ధనటుని ముఖము నొక దానిని, ఏ భావమును స్ఫుటముగా లేనిదానిని, వేర్వేఱు దృశ్యఖండములతో జతపఱచెను. ఆయన శిష్యుడు పుదోవ్‌కిన్ 1929లో లండనులో చెప్పిన ప్రకారము ఆ దృశ్యములు పులుసుగిన్నె, శవపేటికలోని స్త్రీ, ఆటబొమ్మతో నాడుకొను బాలిక. ముఖ మొక్కటియే యైనను ప్రేక్షకులు మొదట ఆలోచనను, పిదప దుఃఖమును, తుదకు వాత్సల్యమును చూచి నటుని నైపుణ్యమును కొనియాడిరట. ఆ చిత్రఖండము నేడు లభించుట లేదు. కులెషోవ్ తానే పిమ్మట చెప్పిన వివరములు శిష్యుని కథనముతో పూర్తిగా సరిపోవు. 1992లో ప్రిన్స్, హెన్స్‌లీ అను అమెరికను పరిశోధకు లిద్దఱు ఆ ప్రయోగమును తిరిగి చేయగా, పెక్కుమంది ప్రేక్షకులు ఆ ముఖమున ఏ భావమును చూడలేదు. తరువాతి ప్రయోగములలో కొన్నింట స్వల్పముగా ఫలము కనబడినది. ముఖము మూగయైనపుడు ప్రక్కనున్నది దానిచేత మాటలాడించునన్న మాట కొంతవఱకు నిజము. కాని పాఠ్యగ్రంథములు వ్రాసినంత నిజము కాదు.

రెండవది రసాయనశాస్త్రము లోనిది. 1869లో మెండెలీవ్ అప్పటికి తెలిసిన 63 మూలకములను పరమాణుభారక్రమమున కూర్చెను. ఆ కూర్పున ఖాళీలు మిగిలినవి. కొందఱైన వానిని మూసివేసి యుందురు. ఆయన వానిని విడిచి, అచ్చట రావలసిన మూలకముల గుణములను ముందుగా చెప్పెను. 1875లో గాలియము, 1879లో స్కాండియము, 1886లో జర్మేనియము దొరకినవి. గాలియము సాంద్రత 4.7 అని కనుగొన్నవాడు ప్రకటింపగా, అది 5.9 ప్రాంతమున నుండవలెనని మెండెలీవ్ వ్రాసెను. లోహమును శుద్ధిచేసి మరల తూచినపుడు 5.9 యే వచ్చెను. చూడని వస్తువును గూర్చి చూచినవానిని దిద్దుట క్రమమునకు దక్కిన గొప్ప గౌరవము.

అట్టి క్రమమునే ఆయన యొకచోట భంగపఱచెను. టెల్లూరియము భారము 127.6, అయొడినుది 126.9. భారము ననుసరించినచో అయొడిను ముందు రావలెను. కాని గుణములచే అది క్లోరిను, బ్రోమినుల కుటుంబమునకు చెందినది. మెండెలీవ్ కుటుంబమునే నమ్మి టెల్లూరియమును ముందు నిలిపెను. మీమాంసకుల భాషలో చెప్పవలెనన్న, ఉపమానమాత్రముగనే సుమా, ప్రకరణము స్థానమును బాధించినది. టెల్లూరియము భారమును కొలుచుటలో పొరపాటున్నదని ఆయన తలచెను, పొరపాటు లేదు. 1913లో మోస్లీ ఎక్స్‌కిరణములచే పరమాణుసంఖ్యలను నిర్ణయించినపుడు గాని ఆ వరుసకు అసలు కారణము తెలియలేదు. టెల్లూరియము 52, అయొడిను 53.

ఇక మన భారతమునకు వత్తము. 11వ శతాబ్దమున నన్నయ ఆది సభాపర్వములను, అరణ్యపర్వమున కొంతభాగమును రచించెను. 13వ శతాబ్దమున తిక్కన అరణ్యశేషమును ముట్టక విరాటపర్వము మొదలు పదునైదు పర్వములు రచించెను. 14వ శతాబ్దమున ఎఱ్ఱన నడిమి లోటును పూరించెను. రచనాక్రమమున మూడవవాడు పఠనక్రమమున రెండవవాడైనాడు. అంతేకాదు, ఆయన ఆ భాగమును నన్నయ పేరనే నడిపి, రాజరాజనరేంద్రునకే అంకితము చేసెను. నన్నయ కలము ఆగినచోట శరద్రాత్రుల వర్ణన మున్నది. ఎఱ్ఱన కలము పట్టినచోట శరత్కాలపు ప్రాతఃకాలముల వర్ణన మున్నది. చదువరికి రాత్రి గడచి తెల్లవాఱినది. ఆ రెండు పద్యముల నడుమ గడచినవి రెండున్నర శతాబ్దములకు పైబడిన యేండ్లు. ఈ యతుకును మించిన కూర్పు ఏ చలనచిత్రమునను నా కంటబడలేదు.

ఇచ్చటనే మన చిక్కు మొదలగుచున్నది. ఎఱ్ఱన రచన నన్నయ శైలితో ఆరంభమై క్రమముగా తిక్కన శైలిలోనికి జాఱునని విమర్శకులు చెప్పుచు వచ్చిరి. తిక్కన భారతము ఎఱ్ఱన యెదుట నుండెను గనుక అది అసంభవము కాదు. కాని ఆ గుణము పద్యములలో నున్నదా? లేక అటు నన్నయ, ఇటు తిక్కన నిలిచియుండుటచే మనకు అట్లు తోచుచున్నదా? మొజూఖిన్ ముఖమువంటిదే ఈ శంక. దీనికి పరీక్ష లేకపోలేదు. అరణ్యశేషమును సమభాగములుగా విభజించి ప్రతిభాగమున దేశ్యపదముల పాలును, సంస్కృతసమాసముల పొడవును, వాక్యము పద్యపాదమును దాటి సాగు తీరును లెక్కింపవలెను. ఆ లెక్కలను ఏ నన్నయ తిక్కనల నడుమను లేని హరివంశ నృసింహపురాణములతో సరిచూడవలెను. అరణ్యశేషమున మార్పు క్రమముగా కనబడి, ఆ గ్రంథములలో అట్టిది లేకున్న విమర్శకుల మాట నిలుచును. అంతట నొకటే తీరైనచో ఆ మాట స్థానబలముచే పుట్టినదే యగును.

ఇంతకంటె చిక్కైనది ప్రాఙ్నన్నయయుగ మను పేరు. పండరంగని అద్దంకి శాసనము 9వ శతాబ్దమధ్యము నాటిది; అందు తరువోజ యున్నది. కుర్క్యాల వద్ద జినవల్లభుని శాసనమున 10వ శతాబ్దపు తెలుగు కందములున్నవి. నన్నయకు ఆదికవిస్థానము శతాబ్దములుగా స్థిరపడియుండగా, ఈ శాసనములు ప్రధానముగా 20వ శతాబ్దమున పండితలోకమునకు పరిచితములైనవి. కాలమున ముందున్నవి జ్ఞానమున వెనుక వచ్చినవి. వెనుక వచ్చిన దానికి ముందున్న దానినిబట్టి పేరు పెట్టితిమి. ఆ పేరు పెట్టగనే ఆ పద్యములు దేనికో సన్నాహములుగా కనబడజొచ్చినవి. సమాఖ్య అన్నింటను దుర్బలమని మీమాంసకు లన్నదానికి విరుద్ధముగా, ఇచ్చట పేరే ప్రకరణమును నడపుచున్నది.

అద్దంకి తరువోజను దాని చోటున నిలిపి చదివిన వేఱొక వస్తువు కనబడును. పండరంగడు పండ్రెండు బోయకొట్టములను గైకొనుట, కట్టెపుదుర్గమును సాధించుట, కందుకూరును బెజవాడవలె నొనర్చుట అందు చెప్పబడినవి. యతిని, ప్రాసను నిలుపుకొనుచు ఇన్ని విజయములను ఒక్క పద్యమున ఇమిడ్చినవానికి వెనుక ఒక సంప్రదాయ ముండి తీరవలెను. తరువోజ వంటి దీర్ఘమైన దేశిచ్ఛందస్సు ఒక్కనాట సేనాపతి విజయప్రశస్తికి ఎక్కదు. ఆ శాసనకవి నన్నయకు ముందువాడా యని కాక, ఎవరికి తరువాతివాడు అని అడుగవలసియున్నది. అందుకు 8, 9 శతాబ్దముల గద్యశాసనములను, వానిలోని లయబద్ధమైన పంక్తులను మరల శోధింపవలెను.