గుండెకి ట్రోపోనిన్ ఉంది, మరి ఊపిరితిత్తులకి?

గుండెపోటు అనుమానం వస్తే రక్తంలో ట్రోపోనిన్ చూస్తారు. ఊపిరితిత్తులు హఠాత్తుగా దెబ్బతినే ఏఆర్‌డీఎస్‌కి అలాంటి రక్తపరీక్ష ఇంకా లేదు. ఈ జబ్బు గురించి 1967లోనే డెన్వర్ డాక్టర్లు 12 మంది రోగులతో లాన్సెట్‌లో రాశారు. తర్వాత యాంజియోపోయిటిన్-2 లాంటి ప్రోటీన్లు దొరికాయి. చిక్కేంటంటే, అది సెప్సిస్‌లోనూ పెరుగుతుంది. అందుకే 2012 బెర్లిన్ నిర్వచనం రక్త మార్కర్లని పక్కనపెట్టి ఎక్స్‌రే, ధమని రక్తంలో ఆక్సిజన్, శ్వాసకి యంత్రం అడిగింది. పూతలపట్టులో ఆయాసం ముదిరితే వీటి కోసం చిత్తూరో తిరుపతో పరుగెత్తాలి, ఈలోపు టైమ్ పోతుంది. నాకు నచ్చిన మలుపు రువాండాలో వచ్చింది. 2016లో కిగాలీ డాక్టర్లు అల్ట్రాసౌండ్, వేలికి పెట్టే ఆక్సీమీటర్ చాలన్నారు. 2023 ప్రపంచ నిర్వచనం రెండింటినీ ఒప్పుకుంది. కోవిడ్‌లో మనం మెడికల్ షాపుల చుట్టూ తిరిగి కొన్నామే, ఆ ఆక్సీమీటరే!