ఇంజను శబ్ద నిర్ధారణ

ఇంజను శబ్ద నిర్ధారణ అనగా కారు మొదలైన మోటారు వాహనాల ఇంజను నుండి అసాధారణంగా వెలువడే శబ్దాన్ని బట్టి లోపం ఏ భాగంలో ఉన్నదో గుర్తించే పద్ధతి. ఇంజను విప్పకుండానే లోపాన్ని ఊహించడానికి ఇది తోడ్పడుతుంది. ఒకే విధంగా వినిపించే రెండు శబ్దాలలో ఒకటి తక్కువ ఖర్చుతో పోయేది కావచ్చు, మరొకటి ఇంజను మొత్తాన్ని పాడు చేసేది కావచ్చు. అందువలన శబ్దం ఎంత గట్టిగా ఉన్నదన్న దానికంటే అది ఎప్పుడు, ఎక్కడ, ఏ లయతో వస్తున్నదన్నది ముఖ్యం.

శబ్దం పుట్టే తీరు

ఇంజనులో కదిలే భాగాల మధ్య కొద్దిపాటి ఖాళీ ఉంటుంది. ఈ ఖాళీని ఇంజను ఆయిల్ పలుచని పొరగా నింపి, లోహం లోహానికి తగలకుండా కాపాడుతుంది. భాగాలు అరిగినా, ఆయిల్ తగ్గినా, ఆయిల్ పీడనం పడిపోయినా ఆ పొర తెగి భాగాలు ఒకదానినొకటి కొట్టుకుంటాయి. అసాధారణ శబ్దాలలో చాలావాటికి ఇదే మూలకారణం.

లయను బట్టి గుర్తింపు

నాలుగు స్ట్రోకుల ఇంజనులో క్రాంక్ షాఫ్టు రెండు చుట్లు తిరిగితే క్యామ్ షాఫ్టు ఒక చుట్టు తిరుగుతుంది. ఇంజను నిమిషానికి 900 చుట్లతో నడుస్తున్నప్పుడు క్రాంక్ షాఫ్టు సెకనుకు 15 చుట్లు, క్యామ్ షాఫ్టు ఏడున్నర చుట్లు తిరుగుతాయి. కాబట్టి వాల్వులు, ట్యాపెట్ల నుండి వచ్చే శబ్దం ఇంజను వేగంలో సగం లయతో వినిపిస్తుంది. క్రాంక్ షాఫ్టుకు సంబంధించిన శబ్దం సాధారణంగా ఇంజను వేగంతో సమానమైన లయతో వినిపిస్తుంది. ఇంజను వేగంతో సంబంధం లేకుండా, బండి వేగంతో మాత్రమే మారే శబ్దం సాధారణంగా చక్రాల బేరింగులు, ఇరుసు లేదా టైర్ల నుండి వస్తుంది.

శబ్దాలు, వాటి కారణాలు

* సన్నని టకటక: ఇంజను పైభాగం నుండి వస్తే ట్యాపెట్ల మధ్య ఖాళీ పెరిగి ఉండవచ్చు, లేదా ఆయిల్ తగ్గి ఉండవచ్చు.
* చల్లగా ఉన్నప్పుడు మాత్రమే డొల్ల శబ్దం: సిలిండరులో పిస్టను వదులై గోడలకు తగులుతున్నదని అర్థం. ఇంజను వేడెక్కి పిస్టను వ్యాకోచించగానే ఇది తగ్గుతుంది. బాగా ముదిరితే మెకానిక్కులు "బోరుకు వచ్చింది" అంటారు.
* వేడెక్కిన తర్వాత గట్టి దెబ్బలు: కనెక్టింగ్ రాడ్డు బేరింగు అరిగినప్పుడు వస్తుంది. వేడికి ఆయిల్ పలుచబడడం వలన శబ్దం పెరుగుతుంది. ఇది ప్రమాదకరమైనది.
* అడుగు నుండి బరువైన డుబ్బు డుబ్బు: క్రాంక్ షాఫ్టు ప్రధాన బేరింగులు అరిగిన లక్షణం. బరువు లాగేటప్పుడు ఎక్కువవుతుంది.
* స్టార్టు చేయగానే కొన్ని క్షణాలు గలగల: టైమింగ్ చైను సాగినా, దానిని బిగించే టెన్షనరు బలహీనపడినా వస్తుంది.
* కీచుమనే శబ్దం: ఇంజను ముందున్న బెల్టు జారుతున్నదని తెలుపుతుంది. బెల్టుపై కొద్దిగా నీరు చల్లినప్పుడు శబ్దం పెరిగితే బిగువు చాలలేదని, కొద్దిసేపు తగ్గి మరల వస్తే పుల్లీల వరుస తప్పిందని భావిస్తారు.
* బుస్సుమనే శబ్దం: గాలి లోనికి వెళ్ళే గొట్టాలలో ఎక్కడో చీలిక ఉన్నది.
* చప్ చప్‌మని పొగ తప్పించుకునే శబ్దం: సైలెన్సరుకు వెళ్ళే గొట్టం గ్యాస్కెట్టు పోయినప్పుడు వస్తుంది. దీనిని ట్యాపెట్ల శబ్దంగా పొరబడుతుంటారు.

పరీక్షించే విధానం

మొదట డిప్‌స్టిక్కుతో ఆయిల్ మట్టం, రంగు చూడాలి. తరువాత శబ్దం చల్లని ఇంజనులోనా, వేడెక్కిన తర్వాతనా, ఎక్సలరేటరు తొక్కినప్పుడా, వదిలినప్పుడా వస్తున్నదో గమనించాలి.

చోటును కనుగొనడానికి మెకానిక్కులు పొడవైన స్క్రూడ్రైవరు మొనను ఇంజనుపై ఆనించి, పిడిని చెవికి ఆనించి వింటారు. లోహం ద్వారా శబ్దం గాలిలో కంటే స్పష్టంగా ప్రయాణించడమే దీనిలోని సూత్రం. ఇదే పనికి స్టెతస్కోపులు కూడా దొరుకుతాయి. ఫ్రెంచి వైద్యుడు రెనే లెనెక్ 1816లో రోగుల గుండె చప్పుడు వినడానికి కనిపెట్టిన పరికరమే ఈ రూపంలో వర్క్‌షాపులకు చేరింది. తిరిగే ఫ్యాను, బెల్టుల దగ్గర వదులు దుస్తులతో ఈ పరీక్ష చేయరాదు.

ఏ సిలిండరులో లోపమున్నదో తెలుసుకోవడానికి ఒక్కొక్క సిలిండరుకు మండే పనిని క్షణకాలం నిలిపి చూస్తారు. ఒక సిలిండరును ఆపినప్పుడు దెబ్బల శబ్దం తగ్గితే దాని కనెక్టింగ్ రాడ్డు బేరింగును అనుమానిస్తారు. నేటి కార్లలో ప్లగ్గు తీగ లాగడం కంటే ఇంజెక్టరు కనెక్షను తీయడం మేలు. లేనియెడల మండని పెట్రోలు క్యాటలిటిక్ కన్వర్టరును పాడు చేస్తుంది.

నాకింగ్

ఎత్తు ఎక్కేటప్పుడు, బరువుతో లాగేటప్పుడు గోళీలు దొర్లినట్లు వచ్చే శబ్దాన్ని నాకింగ్ అంటారు. ఇది భాగాల అరుగుదల కాదు. సిలిండరులో మంట చేరకముందే మిగిలిన ఇంధన మిశ్రమం వేడికి, పీడనానికి తనంతట తాను అంటుకోవడం దీనికి కారణం. 1921లో అమెరికాలో థామస్ మిడ్జ్‌లీ పెట్రోలులో సీసపు సమ్మేళనం కలిపి దీనిని అరికట్టాడు. సీసం ఆరోగ్యానికి హానికరం కావడంతో భారతదేశంలో 2000 ఫిబ్రవరి నుండి సీసం లేని పెట్రోలు మాత్రమే అమ్ముతున్నారు. నేటి ఇంజన్లలో నాక్ సెన్సరు ఈ ప్రకంపనలను పసిగట్టగా, కంప్యూటరు నిప్పురవ్వ సమయాన్ని వెనుకకు జరుపుతుంది.

వరద నీటి వలన వచ్చే శబ్దం

హైదరాబాదు తూర్పున ఉప్పల్ నుండి వరంగల్ వైపు వెళ్ళే 163వ జాతీయ రహదారిపై పోచారం ఉన్నది. 2020 అక్టోబరు 13న కురిసిన కుంభవృష్టిలో పోచారం ఉన్న ఘట్‌కేసర్ ప్రాంతంలో సుమారు 32 సెంటీమీటర్ల వర్షం నమోదైంది. నగరంలో అనేక చోట్ల వాహనాలు నీట మునిగాయి. ఇటువంటి సందర్భాలలో ఇంజనుకు కలిగే నష్టం శబ్దం ద్వారానే మొదట బయటపడుతుంది.

గాలి వలె నీరు ఒత్తిడికి కుదించుకుపోదు. 1200 సీసీ, నాలుగు సిలిండర్ల ఇంజనులో సంపీడన నిష్పత్తి 10 అయితే, పిస్టను పైకి చేరినప్పుడు మిగిలే చోటు ఒక్కో సిలిండరులో సుమారు 33 మిల్లీలీటర్లు మాత్రమే. అంతకు మించిన నీరు చేరితే పిస్టను ఒక్కసారిగా ఆగిపోయి కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది. కొద్దిగా వంగిన రాడ్డుతో ఇంజను తిరిగి నడవవచ్చు. కానీ కొత్తగా దెబ్బల శబ్దం వస్తుంది. అలాగే నడిపితే రాడ్డు విరిగి ఇంజను బ్లాకును చీల్చవచ్చు.

అందువలన నీటిలో ఆగిన కారును తిరిగి స్టార్టు చేయరాదు. బయటకు లాగించి, ప్లగ్గులు తీయించి, సిలిండర్లలోని నీటిని తొలగించిన తర్వాతనే తిప్పి చూడాలి. ఆయిల్ పాలు కలిపిన కాఫీ రంగులో ఉంటే నీరు కలిసినట్లే, దానిని మార్చాలి. నీటిలో ఆగిన బండిని స్టార్టు చేయడం వలన కలిగిన ఇంజను నష్టం సాధారణ బీమా పాలసీలలో చాలావరకు వర్తించదు. దానికి ఇంజను రక్షణ అనే అదనపు పాలసీ ఉండాలి.

వెంటనే ఆపవలసిన సందర్భాలు

* శబ్దంతో పాటు ఎర్రని ఆయిల్ దీపం వెలిగినప్పుడు
* వేడెక్కిన ఇంజనులో గట్టి దెబ్బలు వినిపించినప్పుడు
* ఉష్ణోగ్రత ముల్లు ఎరుపు గీతను చేరినప్పుడు
* నీటిలో నడిపిన తరువాత కొత్త శబ్దం మొదలైనప్పుడు

ఈ సందర్భాలలో ఇంజనును ఆపి బండిని లాగించుకొని వెళ్ళడం ఉత్తమం. బేరింగు మార్పుతో పోయే లోపం మరికొన్ని కిలోమీటర్లు నడపడం వలన క్రాంక్ షాఫ్టు మార్పు వరకు వెళ్ళవచ్చు.