సముద్రం దాటిన వేంగి వరాహం

వేంగి రాజు రాజరాజనరేంద్రుడి బంగారు నాణేలు బర్మాలోని అరకాన్ తీరంలోనూ, సయాం దేశంలోనూ దొరికాయని తెలిసిన రోజు నాకు పట్టరాని సంతోషం కలిగింది. పలుచని, వెడల్పాటి బిళ్ళ. నడుమ వరాహం. చుట్టూ ఒక్కొక్క అక్షరాన్నీ విడి అచ్చుతో కొట్టిన రాజు పేరు, పాలన సంవత్సరం. వెనక వైపు బోడి.

చాళుక్యులకు వరాహం బాదామి నాటి లాంఛనం. నారాయణుడి అనుగ్రహంతో దక్కిందని శాసనాల్లో గర్వంగా చెప్పుకున్నారు. ఏడో శతాబ్దంలో రెండో పులకేశి తమ్ముడు కుబ్జ విష్ణువర్ధనుడితో అది వేంగికి వచ్చి, రాగిరేకుల ముద్రల మీదికి ఎక్కింది. అయితే ‘విషమసిద్ధి’ బిరుదుతో వేసిన వెండి నాణేల మీద ఉన్నది మాత్రం సింహం!

నాకు ఇష్టమైన ఘట్టం మూడున్నర శతాబ్దాల తర్వాతది. జటాచోడ భీముడి చేతిలో వేంగి చాళుక్య రాజు దానార్ణవుడు చనిపోయాక 27 ఏళ్ళు వేంగి ఆ వంశానికి దక్కలేదు. రాజరాజ చోళుడి అండతో దానార్ణవుడి కొడుకు శక్తివర్మ గద్దె తిరిగి సంపాదించాడు. ‘చాళుక్యచంద్ర’ అన్న తన బిరుదుతో, ఇంటి గుర్తైన వరాహంతో బంగారు నాణెం కొట్టించాడు. పోయిన రాజ్యం మళ్ళీ మాదేనని చాటడానికే అలా చేశాడని నా నమ్మకం. ఆయన తమ్ముడి కొడుకే 1022లో పట్టాభిషిక్తుడైన రాజరాజనరేంద్రుడు. ఆయన కొలువులోని నన్నయను రాజమండ్రి రోజూ తలుచుకుంటుంది. అదే కొలువు నుంచి సముద్రం దాటిన నాణేన్ని మన పిల్లలకు ఎవరూ చూపించరు. ఇది నాకు నిజంగా బాధ.

ఆ నాణేలు దొరికిన చోటు నుంచి ఇంకా తూర్పుకి పోతే సులవేసి దీవి. అక్కడి అడవిపంది పై కోరలు మూతి చర్మాన్ని చీల్చుకుని పైకి మొలిచి, నుదుటి వైపు వంగుతాయి. మలయు భాషలో అది బాబిరూసా, అంటే పందిజింక. మారోస్ గుహలో ఉన్న దాని బొమ్మ కనీసం 35,400 ఏళ్ళ నాటిదని 2014లో తేలింది. అక్కడ పందికి జింక పేరు తోడైతే, ఇక్కడ పంది పేరు బంగారు నాణేనికి దక్కింది: అదే వరహా.

విజయనగర నాణేల మీద ఉమామహేశ్వరులు, బాలకృష్ణుడు, గండభేరుండం కొలువుదీరినా జనం నోట అది వరహాయే. భద్రాచల రామదాసు నగల ఖరీదు వరహాల్లో లెక్కగట్టి రాముణ్ణి నిలదీశాడు. మద్రాసు ప్రెసిడెన్సీలో 1818లో రూపాయి వచ్చి వరహాను పక్కకు నెట్టింది. అప్పటి మారకం మూడున్నర రూపాయలకు ఒక వరహా. వరహాలరాజులు, వరహాలమ్మలు మాత్రం మన ఊళ్ళలో ఇప్పటికీ ఉన్నారు.