గుమ్మడి, బెల్లం, ఆవ: ఉప్మాక సీమ పండుగ విస్తరిలో తీపికూర

తెలుగువారి పండుగ భోజనంలో తీపికి రెండు స్థానాలున్నాయి. బూరె, బొబ్బట్టు, పరమాన్నం వంటి పిండివంటలది ఒకటి. కూరలోనో పులుసులోనో ఉప్పు, పులుపు, కారాలతో కలిసి నిలిచే తీపిది రెండవది. మొదటిదానికి కావ్యాల్లోని విందు వర్ణనలలో విరివిగా చోటు దొరికింది. రెండవది కూరల జాబితాలో కలిసిపోయి ప్రత్యేకంగా కంటబడదు. బెల్లంపాకం ముక్కకు పట్టేట్టు వండే గుమ్మడికాయ కూర ఈ రెండవ కోవకు చెందినది. అనకాపల్లి జిల్లా నక్కపల్లి మండలంలోని ఉప్మాక, దాని చుట్టుపట్ల గ్రామాలు ఈ కూరకు కావలసిన ద్రవ్యాలన్నీ ఒకే రుతువులో చేతికందే సీమలో ఉన్నాయి. అందువల్ల ఈ కూర చరిత్రను విచారించడానికి ఆ ప్రాంతం అనువైన ఆధారం.

ఉప్మాక ప్రసిద్ధికి కారణం గరుడాద్రి మీద వెలసిన వేంకటేశ్వరస్వామి ఆలయం. ఊరి పేరును ‘ఉపమాక’ అని కూడా రాస్తారు. ఉపమానం లేని క్షేత్రమన్న వ్యుత్పత్తి భక్తుల నోట ప్రచారంలో ఉంది. అల్పాహారమైన ఉప్మాకు ఈ పేరుతో ఏ సంబంధమూ లేదని వేరే చెప్పనక్కరలేదు గాని, వంటకాల చరిత్రను గూర్చిన వ్యాసంలో ఆ సందేహం రాక మానదు. స్వామివారి వార్షిక కల్యాణోత్సవం ఫాల్గుణ మాసంలో జరుగుతుంది. ఆ కాలనిర్ణయం ఈ చర్చకు అవసరమైనదే.

చెరకు గానుగలు మార్గశిర, పుష్య మాసాల్లో ఆడడం మొదలవుతుంది. సంక్రాంతికి కొత్త బెల్లం ఇళ్ళకు చేరుతుంది. మంచిగుమ్మడి కాయ కూడా ఇంచుమించు ఆ రోజుల్లోనే పాదుల మీద ముదిరి పండుతుంది. కోయకుండా ఉంచితే అటక మీద నెలల తరబడి చెడదు. కొత్త చింతపండు మాఘ ఫాల్గుణాల్లో వస్తుంది. కనుక సంక్రాంతికి ఈ కూరలో కొత్త బెల్లానికి పాత చింతపండు తోడైతే, ఫాల్గుణం నాటికి మూడూ ఆ ఏటి పంటలోనివే అవుతాయి. ఉగాది పచ్చడికి కొత్త బెల్లం, కొత్త చింతపండు వాడాలన్న నియమం వెనుక ఉన్న రుతుధర్మమే ఇక్కడా పనిచేస్తున్నది. పచ్చడికి శాస్త్రం తోడైంది, కూరకు కాలేదు, అంతే తేడా.

ఇక అసలు సమస్య ‘గుమ్మడి’ అన్న మాటలో ఉంది. తెలుగులో ఈ పేరు రెండు వేర్వేరు జాతుల కాయలకు వర్తిస్తుంది. మొదటిది బూడిదగుమ్మడి. సంస్కృతంలో కూష్మాండం. ఆసియా ఖండంలో ప్రాచీన కాలం నుంచీ ఉన్నది. వడియాలకు, దృష్టిదోష పరిహారానికి వాడేది ఇదే. రెండవది కూరకు వాడే ఎర్రని కండ గల మంచిగుమ్మడి, లేదా తియ్యగుమ్మడి. దీని జన్మస్థానం అమెరికా ఖండాలు. 1498లో వాస్కోడగామా కోళికోడు తీరం చేరిన తరువాత, పోర్చుగీసు వర్తకం ద్వారా మిరప, చిలగడదుంప, బొప్పాయి వచ్చిన దారిలోనే ఇదీ మనదేశానికి వచ్చింది. అందుచేత 16వ శతాబ్దికి ముందటి తెలుగు కృతిలో ‘గుమ్మడి’ అని ఉంటే దానికి ఈనాటి కూరగుమ్మడి అని అర్థం చెప్పడం కాలవిరుద్ధం. పూర్వకావ్యాలకు లఘుటీక రాసేవారు ఈ భేదాన్ని పాటించకపోతే, పాఠకుడు నన్నయ కాలపు పొలంలో లేని పాదును ఊహించుకుంటాడు.

ఈ భేదానికి సాక్ష్యం నానుడిలోనే ఉంది. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్న వాని సామెత అందరికీ తెలిసినదే. భుజాలు ఎందుకు తడుముకోవాలి? కాయను భుజాన వేసుకొని మోసుకుపోయిన వానికి బూడిద అంటుతుంది గనుక. మంచిగుమ్మడి మోస్తే భుజానికి ఏమీ అంటదు. అంటే ఈ సామెత పుట్టిననాడు విశేషణం లేని ‘గుమ్మడికాయ’ అన్న మాట బూడిదగుమ్మడినే సూచించింది. కొత్త కాయ వచ్చి అదే పేరును పంచుకున్నాక పాతదానికి ‘బూడిద’, కొత్తదానికి ‘మంచి’, ‘తియ్య’ అన్న విశేషణాలు అవసరమయ్యాయి. ఇవాళ సంతలో విశేషణం లేకుండా గుమ్మడికాయ అడిగితే చేతికి వచ్చేది కొత్తదే. నాలుగైదు శతాబ్దాలలో అతిథి ఇంటి యజమాని అయిన తీరు ఇది.

పొరుగు భాషలతో పోల్చితే ఈ పరిణామం ఇంకా స్పష్టమవుతుంది. కన్నడంలో బూదుకుంబళ, సిహికుంబళ అన్న జంట తెలుగు జంటకు అచ్చంగా సమానం. తమిళులు మాత్రం కొత్త కాయను ‘పరంగిక్కాయ్’ అన్నారు. పరంగి అంటే ఫిరంగివాడు, పోర్చుగీసువాడు. కాయ ఎవరి వెంట వచ్చిందో ఆ పేరే చెబుతుంది. ఒడియాలో ఇది ‘బోఇతి కఖారు’. ‘బోఇత’ అంటే ఓడ గనుక ఓడ మీద వచ్చిన కఖారు అన్న వివరణ ఒడియావారు ఇస్తారు. తెలుగులో ఫిరంగి పేరు బొప్పాయికి ‘పరంగికాయ’గా అంటుకుందే తప్ప గుమ్మడికి అంటలేదు. తెలుగువారు గుమ్మడిని పరాయిదిగా గుర్తుపెట్టుకోలేదు. రుచిని బట్టి ‘మంచి’ది అన్నారు. సంక్రాంతినాడు చేసే కూష్మాండదానంలో సంకల్పం చెప్పే పేరు పాత కాయది. చాలా ఇళ్ళలో బ్రాహ్మణుని చేతికి వెళ్ళేది కొత్త కాయ. నామం నిలిచి ద్రవ్యం మారినందుకు ఇంతకంటె మంచి ఉదాహరణ దొరకడం కష్టం. గొబ్బెమ్మల మీది గుమ్మడిపూలు ఈ విషయంలో సాయపడవు. రెండు జాతుల పూలూ పసుపుపచ్చనివే.

కాయ కొత్తదైతే కూర కూడా కొత్తదేనా? కాదనడానికి ఆధారాలున్నాయి. శ్రీకృష్ణదేవరాయల ఆముక్తమాల్యదలో విష్ణుచిత్తుడు రుతువును బట్టి వైష్ణవులకు పెట్టే భోజనాల వర్ణన ప్రసిద్ధం. వేసవి భోజనంలో తీపి చారు ఉంది. చలికాలపు భోజనంలో మిరియపు పొడి చల్లిన వేడి కూరలు, ముక్కుకెక్కే ఆవ ఉన్నాయి. మిరపకాయ ఆ విస్తరిలో లేదు. రాయలు కళింగ దండయాత్రలో భాగంగా 1516లో సింహాచలం వచ్చి స్వామికి ఆభరణాలు సమర్పించినట్లు అక్కడి శాసనం తెలుపుతున్నది. అంటే ఆయన ఈ సీమ మీదుగానే నడిచాడు. ఆనాటికి ఈ సీమలో మంచిగుమ్మడి లేదు. కాని పులుపుతో తీపినీ, తీపితో ఆవ ఘాటునూ కలిపే పాకపద్ధతికి కావలసిన రుచులన్నీ ఉన్నాయి. ఈనాటికీ అరటికాయ, పెండలం, కంద, పనసపొట్టు ఆవపెట్టి వండుతారు. ఇవన్నీ పాత ప్రపంచపు కూరలే. ఆవపెట్టే పద్ధతి వీటితో స్థిరపడి ఉండగా గుమ్మడి వచ్చి అందులో చేరిందని భావించడం సమంజసం. బూడిదగుమ్మడికి సొంత రుచి తక్కువ, నీరు ఎక్కువ. పాకం దానికి పట్టదు. కొత్త కాయ కండలో సహజంగానే తీపి, పిండిపదార్థం ఉండడం వల్ల పాకం పట్టి నిలిచింది.

క్రీడాభిరామంలో ఓరుగల్లు పూటకూళ్ళింటి భోజన వర్ణన మరొక మాటను అందిస్తుంది. అక్కడ రూకకు దొరికే భోజనంలో నాలుగైదు ‘నంజు’లున్నాయి. అన్నంలో కలుపుకొనేది వేరు, నంజుకొనేది వేరు. బెల్లం పెట్టిన గుమ్మడికాయ కూరను పప్పన్నంలోకో పులిహోరకో పక్కన పెట్టుకొని నంజుకుంటారు. అదే గుమ్మడి దప్పళంలో పడితే కలుపుకొనేదవుతుంది. ఒకే కాయ, ఒకే బెల్లం, ఒకే చింతపండు. నీటి పాలు మారడంతో విస్తరిలో స్థానం మారుతుంది. వంటకాల వర్గీకరణలో తెలుగువారు ద్రవ్యం కంటె తినే క్రియకు ప్రాధాన్యమిచ్చారనడానికి ఈ రెండు క్రియాపదాలు చాలు.

వండే క్రమంలోనూ చెప్పుకోదగిన విశేషముంది. ముక్కలు చెక్కుతోనే పెద్దవిగా తరిగి, ఉప్పు, పసుపు వేసి, కొద్దిపాటి నీటిలో ముందుగా ఉడికిస్తారు. ముక్క మెత్తబడ్డాకనే చింతపండు పులుసు, ఆ పైన బెల్లం వేస్తారు. ముందే వేస్తే ముక్క బిరుసెక్కుతుందని పెద్దల మాట. పులుపు కాయగూరల కణకుడ్యాలను గట్టిపరుస్తుంది, పంచదార పాలు పెరిగితే మెత్తబడడం ఆలస్యమవుతుంది గనుక అనుభవం చెప్పినదే శాస్త్రమూ చెబుతుంది. నీరు ఇగిరి పాకం ముక్కలను పట్టుకున్నాక ఆవాలు, మినపప్పు, ఎండుమిరప, కరివేపాకు, ఇంగువలతో పోపు పెడతారు. నూరిన ఆవ మాత్రం పొయ్యి మీద నుంచి దించాకనే కలుపుతారు. ఆవ ఘాటు వేడికి ఎగిరిపోతుంది. పితృకార్యాల వంటలో ఎండుమిరపకు బదులు మిరియం వాడే ఆచారం ఇప్పటికీ ఉంది. ఆ ఒక్క సందర్భంలో రాయలనాటి కారం తిరిగి వస్తున్నదన్నమాట.

బెల్లం లేకుండా ఈ సీమ చరిత్ర లేదు. అనకాపల్లి బెల్లం మార్కెట్టు దేశంలోనే పెద్దవాటిలో ఒకటి. అక్కడి చెరకు పరిశోధనా కేంద్రం 1913లో ఏర్పడింది. ఉప్మాకకు సమీప ప్రాంతంలోనే, లక్కబొమ్మలకు పేరుపడ్డ ఏటికొప్పాకలో, 1933లో సహకార చక్కెర కర్మాగారం వెలసింది. కర్మాగారం వచ్చాక చెరకు రైతుకు గానుగ ఒక్కటే దారి కాకుండా పోయింది. ఇటీవలి దశాబ్దాలలో చెరకు సాగే తగ్గుతూ వస్తున్నది. సంతలో బెల్లం రంగు కూడా మారింది. లేతపసుపు దిమ్మకు ధర ఎక్కువ పలకడంతో పానకం మరిగేటప్పుడు హైడ్రోస్ వేసి రంగు తేల్చడం అలవాటైంది. గుమ్మడికాయ కూరలో ఈ తేడా వెంటనే తెలుస్తుంది. రసాయనం కలపని ముదురురంగు బెల్లంతో కూర తేనెరంగు తిరిగి, చివర చిరుచేదుతో కూడిన తీపి నిలుస్తుంది. తెల్లబెల్లంతో చేసినప్పుడు ముక్క పసుపుపచ్చగానే ఉండి, తీపి ఒక్కటే పైకి తేలుతుంది. పండుగకు గుమ్మడికాయ కూర వండేవారిలో కొందరు ఇప్పటికీ ‘నల్లబెల్లం’ అని అడిగి మరీ కొంటారు.